పంక్తి చివర మాటను ఎక్కడ విరవాలి: ఉపసర్గలు, సమాసాలు, అక్షరాల లెక్క

తెలుగు మాటలు పొడవు. సన్న కాలమ్‌లో ‘పునర్వ్యవస్థీకరణ’, ‘మాట్లాడుకుంటున్నారు’ వంటివి రెండు వరసగా పడి, పేజీని రెండు వైపులా జస్టిఫై చేశారంటే, పై పంక్తిలో మాటల మధ్య వేలెడు ఖాళీలు మిగులుతాయి. కాబట్టి విరవక తప్పదు. ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఏ రెండు అక్షరాల మధ్యనైనా విరిచేస్తుంది. ‘అప-రిచితుడు’, ‘నిర-పరాధి’ లాంటివి అచ్చులోకి వెళ్లేది అలాగే.

పుస్తకాలు, పత్రికలు, వెబ్ పేజీలు తయారుచేసే ప్రూఫ్‌రీడర్లూ డీటీపీ చేసేవాళ్లూ వాడుకోదగ్గ పద్ధతి ఇది. ఇక్కడ నిలువుగీత (|) మాటలోని అతుకును, హైఫన్ (-) పంక్తి చివర విరుపును చూపిస్తాయి. మాట మొదట్లో ఉపసర్గ (ప్ర, పరి, ఉప లాగా మాటకు ముందు చేరే ముక్క) కనబడింది కదా అని అక్కడ విరవకూడదు. ఆ అతుకు రాతలో ఇంకా తెరిచి ఉందా, సంధి దాన్ని మూసేసిందా అన్నది ముందు చూడాలి. మూసుకుపోయిన అతుకు వ్యాకరణంలో ఉంటుంది గానీ కాగితం మీద ఉండదు.

మొదటి మెట్టు: అక్షరాలు గుర్తుపెట్టడం

చెవికి వినబడే విభజన వేరు, రాతలో కుదిరే విభజన వేరు. ‘పద్మ’ను పలికితే ‘పద్’ ఒక ముక్క, ‘మ’ ఒక ముక్క. ఛందస్సులో ‘ప’ గురువయ్యేది అందుకే. రాతలో మాత్రం ‘ద్మ’ ఒకే అక్షరం, దాన్ని చీల్చడానికి లేదు. ‘పద్-మ’ అని విరిస్తే అది విరుపు కాదు, వర్ణక్రమం మార్చడం.

వత్తును, గుణింతపు గుర్తును హల్లు నుంచి విడదీయకూడదు. సున్న, విసర్గ ముందున్న అక్షరానివే: ‘నిరం-తరం’, ‘అంతః-కరణ’. పొల్లు కూడా ముందు అక్షరంతోనే పోతుంది: ‘కంప్యూటర్’లో చివరి ర్ విడిగా లెక్కకు రాదు, ‘టర్’ అంతా ఒకటే. ఈ లెక్కన ‘స్త్రీ’ ఒక అక్షరం, ‘సంప్రదాయం’ నాలుగు (సం, ప్ర, దా, యం), ‘పునర్వ్యవస్థీకరణ’ ఎనిమిది (పు, న, ర్వ్య, వ, స్థీ, క, ర, ణ).

తర్వాత హద్దు పెట్టుకోండి. పై పంక్తిలో కనీసం రెండు అక్షరాలు మిగలాలి, కింది పంక్తికి కనీసం రెండు పోవాలి. అంటే నాలుగు అక్షరాల కంటే చిన్న మాటను విరవకూడదు. ‘ఉద్యమం’, ‘పరీక్ష’, ‘నిర్ణయం’, ‘సమీక్ష’ మూడేసి అక్షరాలవే కాబట్టి వాటి ఉపసర్గల చర్చే అక్కర్లేదు, వాటిని ముట్టుకోవద్దు. సగం సందేహాలు ఈ ఒక్క హద్దుతోనే తీరిపోతాయి.

రెండో మెట్టు: సమాసపు అతుకు

ఉపసర్గ కంటే ముందు సమాసాన్ని చూడాలి. రెండు నిండు మాటలు కలిసిన చోటు పాఠకుడికి అన్నిటికంటే తేలిగ్గా అందుతుంది: ‘ప్రధాన-మంత్రి’, ‘న్యాయ-వాది’, ‘భూ-సేకరణ’, ‘ఇంటి-పేరు’. వీటిలో ‘భూ-సేకరణ’ రెండక్షరాల హద్దు దాటుతోంది. కానీ ‘భూ’ ఒంటరిగా నిలబడగల మాట, అక్షరం దీర్ఘం, కంటికి ఆనుతుంది. ఇలాంటి చోట సడలింపు ఇవ్వవచ్చు. ‘తల్లి-దండ్రులు’, ‘అన్న-దమ్ములు’ వంటి వాటిలో త కాస్తా ద అయినా అతుకు చెదరలేదు కాబట్టి నిరభ్యంతరంగా విరవవచ్చు.

అతుకులు రెండు మూడు ఉంటే బయటి అతుకుకే మొదటి హక్కు. ‘ఉపముఖ్యమంత్రి’ అంటే ఉప | ముఖ్యమంత్రి. ‘ఉప-ముఖ్యమంత్రి’ అని విరిస్తే అర్థం చెదరదు. ‘ఉపముఖ్య-మంత్రి’ అంటే ఉపముఖ్యుడైన మంత్రి అన్నట్టు చదివి, మళ్లీ వెనక్కి రావాలి. ‘ఉప-రాష్ట్రపతి’, ‘ఉప-కులపతి’ కూడా ఇంతే. ‘ఉప-రాష్ట్రపతి’తో పంక్తి మరీ వదులైతేనే ‘ఉపరాష్ట్ర-పతి’.

సవర్ణదీర్ఘ సంధి జరిగిన సమాసాల్లో అతుకు అక్షరం లోపలికి పోతుంది. ‘విశ్వవిద్యాలయం’లో మూడు మాటలున్నా (విశ్వ, విద్యా, ఆలయం) తెరిచి ఉన్న అతుకు ఒక్కటే: ‘విశ్వ-విద్యాలయం’. రెండోది ‘ద్యా’లో కలిసిపోయింది. ‘విశ్వవిద్యా-లయం’ అక్షరాల లెక్కకు తప్పు కాదు, కానీ కింది పంక్తి ‘లయం’తో మొదలవుతుంది. విశ్వవిద్యాలయపు స్నాతకోత్సవ వార్తలో ఆ మాట అలా నిలబడటం ఎవరికీ నచ్చదు. ‘గ్రంథా-లయం’, ‘కార్యా-లయం’ మాటలకు వేరే దారి లేదు కాబట్టి, తప్పనిసరైనప్పుడే ఒప్పుకోవాలి.

మూడో మెట్టు: ఉపసర్గ తెరిచి ఉందా, మూసుకుందా

సంప్రదాయం లెక్కపెట్టే ఉపసర్గలు 22: ప్ర, పరా, అప, సమ్, అను, అవ, నిస్, నిర్, దుస్, దుర్, వి, ఆ, ని, అధి, అపి, అతి, సు, ఉత్, అభి, ప్రతి, పరి, ఉప. విరుపు కోసం వీటిని మూడు కుప్పలు చేసుకుంటే చాలు.

మొదటి కుప్పలో అచ్చుతో ముగిసే రెండక్షరాల ఉపసర్గలు ఉంటాయి. వీటి తర్వాత హల్లు వస్తే అతుకు తెరిచే ఉంటుంది: ‘ప్రతి-పాదన’, ‘పరి-పాలన’, ‘అభి-నందన’, ‘ఉప-సంహరణ’, ‘అను-సంధానం’, ‘అతి-క్రమణ’, ‘అవ-కాశం’, ‘పరా-జయం’. ఇవే ఉపసర్గల తర్వాత అచ్చు వస్తే సంధి జరిగి అతుకు మూసుకుంటుంది. ప్రతి + ఏకం = ప్రత్యేకం, అధి + అక్షుడు = అధ్యక్షుడు, అను + ఏషణ = అన్వేషణ, ఉప + అధ్యాయుడు = ఉపాధ్యాయుడు. ‘త్యే’, ‘ధ్య’, ‘న్వే’, ‘పా’ అక్షరాల్లో ఉపసర్గ ఎక్కడ ముగిసిందో చూపించే చోటే లేదు. అప్పుడు వ్యుత్పత్తిని పక్కనపెట్టి అక్షరాల లెక్క ప్రకారం ‘అధ్య-క్షుడు’, ‘అన్వే-షణ’, ‘ఉపా-ధ్యాయుడు’ అని విరవాలి. ‘ప్రత్యేకం’ మూడక్షరాలదే కనుక విరవనక్కర్లేదు. దీన్ని ‘ప్రతి-ఏకం’ అని విడగొట్టి పంక్తి చివర పెట్టడం మాత్రం ఎప్పుడూ కూడదు, అది పదవిభాగం అభ్యాసానికి పనికొస్తుంది గానీ పేజీకి కాదు.

రెండో కుప్ప ప్ర, వి, సు, ని, ఆ. ఇవి ఒక్కక్షరాలు. అతుకు తెరిచి ఉన్నా హద్దు అడ్డొస్తుంది. ‘వి-జ్ఞాపన’ అనకుండా ‘విజ్ఞా-పన’ అనాలి. వీటి తర్వాత ఇంకో ఉపసర్గ ఉంటే పని సులువు. ‘సుపరిపాలన’లో రెండు అతుకులున్నాయి (సు | పరి | పాలన), మొదటిదాన్ని వదిలి రెండోదానికి పోతే ‘సుపరి-పాలన’ చక్కగా కుదురుతుంది.

మూడో కుప్ప హల్లుతో ముగిసేవి: సమ్, ఉత్, నిస్, నిర్, దుస్, దుర్. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. హల్లు ముందు సమ్ చాలావరకు సున్నగా మారుతుంది, కాబట్టి అతుకు తెరిచినట్టే, కానీ ‘సం’ ఒక్కక్షరం. ‘సంప్ర-దాయం’ వంటి వాటిలో రెండో ఉపసర్గ తర్వాత విరవవచ్చు. అచ్చు ముందు మ్ ఆ అచ్చుతో కలిసిపోతుంది. సమ్ + ఆచారం = సమాచారం, దీన్ని ‘సమా-చారం’ అనే విరవాలి. ఉత్ విషయంలో దారే లేదు. ఉచ్చారణ, ఉల్లంఘన, ఉద్యోగం, ఉన్నతి: ప్రతిదానిలో త్ పక్క హల్లును బట్టి మారి వత్తక్షరంలో దూరిపోయింది. ‘ఉచ్-చారణ’ అనడానికి లేదు, ‘ఉచ్చా-రణ’, ‘ఉల్లం-ఘన’, ‘ఉద్యో-గులు’ అనాలి.

నిర్, దుర్ కూడా ఇలాగే మూసుకుపోతాయి గానీ, వాటి వెనక ఇంకో ఉపసర్గ ఉన్న మాటలు తెలుగులో బోలెడు. అక్కడ రెండో అతుకు తెరిచి ఉంటుంది (వి, పరి తర్వాత ఇంకో ఉపసర్గ వచ్చినా అంతే):

నిర్ + అప + రాధి: నిరప-రాధి
నిర్ + ఉప + యోగం: నిరుప-యోగం
దుర్ + అభి + మానం: దురభి-మానం
దుస్ + ప్ర + చారం: దుష్ప్ర-చారం
వి + అతి + రేకం: వ్యతి-రేకం
పరి + ఆ + వరణం: పర్యా-వరణం

ఈ ఆరింటినీ ఒకసారి చేత్తో రాసి చూస్తే పద్ధతి కంటికి పట్టుబడుతుంది. ‘నిర-పరాధి’ ఎందుకు చెడ్డదో కూడా ఇక్కడే తెలుస్తుంది: ‘అప’ను రెండు ముక్కలు చేసింది. ‘నిరుద్యోగం’ మాత్రం మొండిది. నిర్ + ఉత్ + యోగం: మొదటి అతుకు ‘రు’లో, రెండోది ‘ద్యో’లో మూసుకుపోయాయి. ‘నిరు-ద్యోగం’ ఒక్కటే గతి, వీలైతే పంక్తిని సర్ది మాటను పూర్తిగా ఉంచండి.

నాలుగో మెట్టు: దొంగ ఉపసర్గలు, వ్యతిరేకార్థపు ‘అ’

‘అను’తో మొదలయ్యే ప్రతి మాటలోనూ ‘అను’ ఉపసర్గ ఉండదు. ‘అనుచితం’ అంటే అన్ + ఉచితం, ‘అనుపమానం’ అంటే అన్ + ఉపమానం. ‘అను-చితం’ అని విరిస్తే ‘ఉచితం’ చీలి ‘చితం’ కింద పడుతుంది. ఇది నాలుగక్షరాలదే కనుక రెండు-రెండు హద్దులో వేరే విరుపు లేదు, విరవకుండా వదిలేయాలి. ‘అపరిచితుడు’ అప + రిచితుడు కాదు, అ + పరి + చితుడు, అందుకే ‘అపరి-చితుడు’. ‘అపరిమితం’ కూడా ‘అపరి-మితం’. ‘పరాధీనం’లో ఉన్నది పర + అధీనం, పరా ఉపసర్గ కాదు. ‘సుమారు’ పారసీకం నుంచి వచ్చిన మాట, దానికి సు ఉపసర్గతో సంబంధం లేదు. ‘సన్మానం’ సత్ + మానం. సమ్‌తో వచ్చే రూపం ‘సమ్మానం’.

అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. ఉపసర్గ అనుకున్నదాన్ని తీసేసి మిగిలినదాన్ని చూడండి. పాలన, పాదన, యోగం, చారం, మానం లాగా ఇతర ఉపసర్గలతో కూడా కనబడే ముక్క మిగిలితే అతుకు నిజం. ‘రిచితుడు’, ‘మారు’ మిగిలితే అబద్ధం.

అసలైన ప్రమాదం ‘అ’తో. ‘అన్యాయం’, ‘అశాంతి’, ‘అసత్యం’ మూడక్షరాలవి కాబట్టి హద్దే కాపాడుతుంది. పొడుగు మాటల్లో హద్దు సడలించి ‘అ-ప్రజాస్వామికం’ అని విరిస్తే కింది పంక్తి ‘ప్రజాస్వామికం’తో మొదలై, తొందరగా చదివేవారికి అర్థం తలకిందులవుతుంది. ‘అప్రజా-స్వామికం’ అనండి. ‘అసంఘటిత’ను ‘అసం-ఘటిత’ అనండి. వ్యతిరేకాన్ని మోసే అక్షరం దాని మాటలోని కొంత భాగాన్నయినా వెంట ఉంచుకోవాలి.

ఐదో మెట్టు: కింది పంక్తి దేనితో మొదలవుతోంది

విరుపు కుదిరింది అనుకున్నాక రెండో ముక్కను ఒంటరిగా చదవండి. దాని మొదటి అక్షరంతో తెలుగులో ఏదైనా మాట మొదలవుతుందా? క్ష, జ్ఞ, ప్ర, స్థ, ద్వ, వ్య, శ్ర, స్వ, న్యా, ధ్యా మొదలైనవాటితో మాటలున్నాయి, కన్ను తడబడదు. ర్మ, ర్థ, ర్య, ర్జ, మ్న, న్వ, ష్ట, త్స వంటివాటితో గానీ, త్త, న్న, ద్ద వంటి ద్విత్వాలతో గానీ మాట మొదలవదు. ఈ జల్లెడలో పోసి చూస్తే ‘ప్రత్యు-త్తరం’, ‘ప్రత్యా-మ్నాయం’, ‘సమ-న్వయం’ మూడూ కొట్టుకుపోతాయి. మూడూ నాలుగేసి అక్షరాలవే కనుక ఇక విరవకూడని మాటల జాబితాలోకి ఎక్కించాలి. క్రియల్లో ‘చేస్తు-న్నారు’ తరచు తగులుతుంది, అది కూడా ఇదే కారణంతో పనికిరాదు. ‘మాట్లాడు-కుంటున్నారు’, ‘వెళ్లి-పోయారు’ మంచివి.

‘అంతర్జాతీయ’ దగ్గర ఈ మెట్టు బాగా పనికొస్తుంది. అంతర్ 22 ఉపసర్గల్లో లేదు గానీ ప్రవర్తన వాటిలాంటిదే. అతుకు ‘ర్జా’ లోపల ఉంది. ‘అంత-ర్జాతీయ’ అతుకుకు దగ్గర అనిపించినా, కింద ‘ర్జా’ నిలబడుతుంది, పైన ‘అంత’ వేరే మాటగా చదవబడుతుంది. ‘అంతర్జా-తీయ’ మేలు.

పునర్ ఉన్న మాటల్లో ఎంపిక మీ చేతుల్లో ఉంది. ‘పునర్నిర్మాణం’ను ఎలా విరిచినా కింద ‘ర్ని’ గానీ ‘ర్మా’ గానీ వస్తుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క హల్లు వత్తుగా కలవకుండా ఆపే, కనబడని గుర్తు) పెట్టి ‘పునర్‌నిర్మాణం’ అని రాస్తే అతుకు తెరుచుకుని ‘పునర్‌-నిర్మాణం’ కుదురుతుంది. రెండు వర్ణక్రమాలూ వాడుకలో ఉన్నాయి, కానీ ఒకే పుస్తకంలో రెండూ ఉండకూడదు. పని మొదలుపెట్టే ముందే ఏది వాడేదీ తేల్చి స్టైల్ షీటులో రాసుకోండి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పేరు మాత్రం కలిపి రాసినా ఇబ్బంది పెట్టదు. ‘పునర్వ్యవ-స్థీకరణ’, ‘పునర్వ్యవస్థీ-కరణ’ రెండు చోట్లా అతుకు తెరిచే ఉంది. రెండోది మెరుగు, ‘కరణ’ అందరికీ తెలిసిన ముక్క.

లాటిన్ ఉపసర్గలు తెలుగు లిపిలో

ఇంగ్లిష్ ద్వారా వచ్చిన ఇంటర్, సబ్, సూపర్, ట్రాన్స్, ప్రీ, రీ వంటి లాటిన్ ఉపసర్గలకూ ఇదే న్యాయం. హల్లుతో ముగిసి, పక్కన హల్లు వచ్చినప్పుడు నాన్ జాయినర్‌తో రాస్తే అతుకు తెరిచి ఉంటుంది: ‘ఇంటర్‌-నేషనల్’, ‘సబ్‌-రిజిస్ట్రార్’, ‘ట్రాన్స్‌-ఫార్మర్’. లెక్కకు ‘సబ్’, ‘ట్రాన్స్’ ఒక్కక్షరమే అయినా వెడల్పు చాలినంత ఉంది కాబట్టి ‘భూ’కు ఇచ్చిన సడలింపు వీటికీ ఇవ్వండి. కలిపి రాస్తే అతుకు మూసుకుంటుంది: ‘ఇంటర్మీడియెట్’ను ‘ఇంటర్మీ-డియెట్’ అనాలి. అచ్చు ముందు అచ్చం నిర్ లాగే నడుస్తుంది. సూపర్ + ఇంటెండెంట్‌లో అతుకు ‘రిం’లోకి పోయింది, అందుకే ‘సూపరిం-టెండెంట్’. ‘రీచార్జ్’, ‘ప్రీపెయిడ్’ లాంటి పొట్టివాటిని కదపవద్దు.

యంత్రానికి చెప్పడం

పంక్తి చివర మామూలు హైఫన్ టైపు చేయడం మొదటి తప్పు. ఫాంటు సైజు మారగానే ఆ హైఫన్ పంక్తి మధ్యకొచ్చి ‘విశ్వ-విద్యాలయం’ అని నిలబడుతుంది, వెతికితే మాట దొరకదు. వాడాల్సింది సాఫ్ట్ హైఫన్. అది విరిగినప్పుడే కనబడుతుంది. వెబ్ పేజీ కోడ్‌లో దాన్ని ­ అని రాయవచ్చు. వర్డ్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ కంట్రోల్ పట్టుకుని హైఫన్ నొక్కాలి. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే ప్రోగ్రాము) కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని హైఫన్ నొక్కాలి. ఇక్కడే పప్పులో కాలేస్తారు: అవే మూడు కీలు వర్డ్‌లో నొక్కితే వచ్చేది నాన్ బ్రేకింగ్ హైఫన్, అంటే ఎప్పుడూ కనబడేది, ఎప్పుడూ విరగనిది. ‘2014-15’ వంటి వాటికి అదే కావాలి, మాటలకు కాదు.

సాఫ్ట్ హైఫన్‌ను హల్లుకు, వత్తుకు మధ్య పెట్టవద్దు. పెడితే సంయుక్తాక్షరం విడిపోయి చాలా చోట్ల పొల్లుగా కనబడుతుంది. జీరో విడ్త్ స్పేస్ కూడా వద్దు, అది విరుస్తుంది గానీ హైఫన్ చూపించదు.

ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగా కూర్చే ఏర్పాటు), భాషగా తెలుగు పెట్టాక, యూజర్ డిక్షనరీలో టిల్డ్ గుర్తుతో విరుపులకు వరస ఇవ్వవచ్చు. ఒక టిల్డ్ అన్నిటికంటే మంచి చోటు, రెండు తర్వాతి చోటు, మూడు గత్యంతరం లేని చోటు. ‘ఉప~ముఖ్య~~మంత్రి’, ‘పర్యా~వరణం’ అని ఎక్కించాలి. మాటకు ముందే టిల్డ్ పెడితే దాన్ని అసలు విరవదు: ‘~ప్రత్యామ్నాయం’, ‘~అనుచితం’. తెలుగు ప్రత్యయాలు చేరితే మాట మారినట్టే కాబట్టి ‘పర్యావరణానికి’, ‘పర్యావరణంలో’ కూడా విడిగా ఎక్కించాలి. విసుగు పుట్టించే పనే. అయినా ఆ పుస్తకంలో తరచు వచ్చే మాటలకు చేసుకుంటే చాలు.

టెక్‌లో (TeX, అచ్చు పేజీలు కూర్చే ప్రోగ్రాము) వాడే తెలుగు విరుపు నమూనాలు సంతోష్ తొట్టింగల్ రూపొందించినవి. అవి అక్షరం హద్దును గౌరవిస్తాయి, సమాసం సంగతి వాటికి పట్టదు. పైగా కనీసం ఎన్ని అక్షరాలు మిగలాలి అన్నది టెక్ యూనికోడ్ అక్షరాల్లో (హల్లు, పొల్లు గుర్తు, గుణింతపు గుర్తు విడివిడిగా) లెక్కిస్తుంది. ‘స్త్రీ’ మన లెక్కలో ఒకటి, దాని లెక్కలో ఆరు. ‘ప్ర’ మూడు. అక్కడ 2 అని పెట్టి రెండక్షరాలు మిగులుతాయనుకుంటే ‘ప్ర-’ పంక్తి చివర వేలాడుతుంది. 4 పెట్టి చూడండి, మినహాయింపుల జాబితా జోడించండి.

పాత ప్రోగ్రాములు వత్తులను చీల్చడానికి కారణం వేరు. ఒక వత్తక్షరాన్ని ఒకే అక్షరగుచ్ఛంగా చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ 15.1తో, 2023లో వచ్చింది. అంతకు ముందటి నియమంతో నడిచే ప్రోగ్రాము ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కపెడుతుంది. చోటు చాలని పెట్టెల్లో, మొబైల్ యాప్‌లలో మాట మధ్య పొల్లుతో విరిగి కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చివరి ప్రూఫ్‌లో హైఫన్‌తో ముగిసిన పంక్తులను మాత్రమే పైనుంచి కిందికి ఒకసారి చూడండి. వరసగా రెండు పంక్తులకు మించి హైఫన్‌తో ముగిస్తే మూడోదాన్ని విప్పండి. పేజీ చివరి పంక్తిలో, శీర్షికల్లో, మనుషుల పేర్లలో విరుపు ఉంటే తీసేయండి. ‘వెంకటేశ్వర్లు’ ఎంత పొడవైనా ఒక్క పంక్తిలోనే ఉండాలి. ఆ పంక్తి వదులైతే అక్షరాల మధ్య ఖాళీని సాగదీయవద్దు, తెలుగులో అది వెంటనే కనిపెట్టేస్తారు. వాక్యంలో ఒక మాట అటూ ఇటూ చేయడానికి ఎడిటర్‌ను అడగండి.